ఇంటి నేల క్రింది రాడాన్ – పనివారిని ఎన్నుకొను విధము

శంషాబాదు విమానాశ్రయమునుండి అమెరికాకు వెళ్ళి, న్యూజెర్సీలోనో ఇల్లినాయిలోనో బిడ్డల యింట కొన్ని నెలలు గడిపి వచ్చిన తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. వారు చూచి వచ్చిన వింతలలో ఒక తెల్లని గొట్టము కూడ ఉండవచ్చును. అది ఆ యింటి నేలమాళిగలో బయలుదేరి, గోడవెంట ప్రాకి, కప్పు దాటి పైకి పోవును. నడుమ చిన్న పంకా ఒకటి రాత్రింబగళ్ళు తిరుగుచుండును. అది మురుగునీటి గొట్టము కాదు. వంటింటి పొగగొట్టమును కాదు. ఇంటి క్రింది నేలలో పుట్టు రాడాన్ అను వాయువును పీల్చి ఆకాశములోనికి వదలుటకై పెట్టినది. ఇల్లు కొనునప్పుడే ఆ వాయువును కొలిపించితిమనియు, హెచ్చుగా ఉన్నందున అనుమతి పొందిన కంట్రాక్టరును పిలిచి గొట్టము పెట్టించితిమనియు పిల్లలు చెప్పుదురు. తిరిగి వచ్చి శంషాబాదులో విమానము దిగి బయటికి రాగానే కంటికి కనబడునవి కొండరాళ్ళు. ఆ రాళ్ళ నడుమనే మన యిండ్లు. మరి మనకు ఆ గొట్టము అక్కరలేదా? అక్కర ఉన్నచో దానిని పెట్టువారెవరు? ఈ రెండు ప్రశ్నలను గురించి నేడు ముచ్చటింతము.

రాడాన్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. శాస్త్రజ్ఞులు దీనిని 1900 ప్రాంతమున గుర్తించిరి. భూమిలో ప్రతిచోటను కొంచెమో గొప్పో యురేనియము ఉన్నది. అది కోటానుకోట్ల సంవత్సరములుగా తరుగుచు, నడుమ రేడియముగా మారును. రేడియము నుండి రాడాన్ పుట్టును. ముత్తాతవంటి యురేనియము, తల్లివంటి రేడియము ఘనపదార్థములగుటచే రాతిని విడిచి తేలికగా కదలవు. బిడ్డ మాత్రము వాయువు. మట్టి సందులలో దూరి, దారి దొరికిన చోటికి పోవును. దాని ఆయువు స్వల్పము. నేడు ఉన్నదానిలో సగము సుమారు 3.8 దినములలో నశించును. కాని నేల పగుళ్ళగుండ ఇంటిలోనికి చేరుటకు ఆ కొద్ది దినములే చాలును. ఆరుబయటకు వచ్చినది గాలిలో కలిసి పలుచబడును. మూసిన గదిలోనికి వచ్చినది అక్కడనే నిలుచును.

దీనిని కొలుచు ప్రమాణము బెకెరెల్. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైనచో ఒక బెకెరెల్ అందురు. ఒక ఘనమీటరు గాలిలో ఎన్ని బెకెరెల్‌లు ఉన్నవో చెప్పుట వాడుక. ఆరుబయట సాధారణముగా 5 మొదలు 15 వరకు ఉండును. ఇండ్లలో ప్రపంచపు సగటు సుమారు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇండ్లకు 100 బెకెరెల్‌లను హద్దుగా సూచించి, స్థానిక పరిస్థితులవలన అది సాధ్యము కాని దేశములలో కూడ 300 దాటరాదన్నది. అమెరికా వారు 148 దగ్గర గీత గీసికొనిరి.

ఈ వాయువు చేయు కీడు ఊపిరితిత్తులకు. నిజమునకు రాడాన్‌ను పీల్చినచో చాలవరకు మరల విడిచివేయుదుము. దానినుండి పుట్టు పొలోనియము మొదలైన ఘనకణములు ధూళిని అంటి లోపలికి పోయి, శ్వాసనాళముల గోడలకు పట్టుకొని, అక్కడ కిరణములను వదలును. జర్మనీలోని ష్నీబెర్గ్ గనులలో పనివారు విచిత్రమైన రొమ్మువ్యాధితో చచ్చుట శతాబ్దములుగా జరుగుచుండెను. అది ఊపిరితిత్తుల పుట్టకురుపు అని 1879లో వైద్యులు తేల్చిరి. 1988లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాడాన్‌ను మనుష్యులకు క్యాన్సర్ కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది.

ఇక్కడ భయపెట్టుటకు సులభముగా వీలున్నది గనుక లెక్క చెప్పుట మంచిది. ఐరోపాలోని 13 పరిశోధనలను కలిపి 2005లో ప్రకటించిరి. పొగ త్రాగనివారు వేయిమంది జీవితమంతయు రాడాన్ లేని ఇండ్లలో ఉన్నచో, 75 ఏండ్ల వయసు వచ్చులోపల వారిలో సుమారు నలుగురు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణింతురు. 100 బెకెరెల్‌ల ఇండ్లలో ఆ సంఖ్య ఐదు. 400 బెకెరెల్‌ల ఇండ్లలో ఏడు. పొగ త్రాగువారికైనచో అవే ఇండ్లలో వేయికి వరుసగా 100, 120, 160. అనగా ఇంటిలో బీడీయో సిగరెట్టో కాల్చువారు ఉన్నంతకాలము గొట్టము పెట్టించుట కంటె ముందు చేయవలసిన పని మరియొకటి ఉన్నదన్నమాట. దానికి కంట్రాక్టరు అక్కరలేదు.

ఈ వాయువును ఇండ్లనుండి తీసివేయుట అమెరికాలో ఒక వృత్తియగుటకు కారణము ఒక యింటి కథ. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రములోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రములో స్టాన్లీ వాట్రాస్ అను ఇంజనీరు పనిచేయుచుండెను. కేంద్రమునుండి వెలుపలికి వచ్చు ద్వారము వద్ద కిరణములను పట్టు యంత్రము ఆయనను చూచి మ్రోగసాగెను. లోపల ఏదో అంటినదని అందరు తలచిరి. ఒకనాడు ఆయన పనిలోనికి పోకమునుపే ద్వారము వద్ద నిలిచి చూడగా, అప్పుడును మ్రోగెను. తెచ్చుకొన్నది కేంద్రమునుండి కాదు, ఇంటినుండి! ఇంటిని కొలువగా ఘనమీటరుకు ఇంచుమించు లక్ష బెకెరెల్‌లు తేలెను. కుటుంబమును వెంటనే ఖాళీ చేయించిరి. నేల క్రింద గొట్టములు వేసి గాలి లాగించిన పిమ్మట వారు మరల ఆ యింటికే తిరిగి వచ్చిరి.

ఆ వార్త ప్రాకిన తరువాత కొలుతుమనువారును, తగ్గింతుమనువారును పుట్టగొడుగులవలె పుట్టిరి. వారిలో పని తెలిసినవారెవరో గృహస్థునకు తెలియుట యెట్లు? అందుకొరకు అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ పరీక్షలు పెట్టి, నెగ్గినవారి పట్టికలను ప్రకటించుచు వచ్చెను. 1998లో ఆ బాధ్యతను వదలుకొనగా, నేషనల్ రాడాన్ ప్రొఫిషియన్సీ ప్రోగ్రామ్, నేషనల్ రాడాన్ సేఫ్టీ బోర్డు అను రెండు సంస్థలు ధ్రువపత్రములిచ్చుట సాగించినవి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఇల్లినాయి వంటి రాష్ట్రములలో ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ పని చేయరాదు. మన పిల్లలు పిలిచినది అట్టివారినే.

మనకు అట్టి పట్టిక లేదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆసుపత్రుల ఎక్స్‌రే యంత్రములు, కర్మాగారములు, అణుకేంద్రములు మొదలైనవానిపై కన్నువేసి ఉంచునుగాని, ఇంటి నేలకు రంధ్రము వేసి గొట్టము పెట్టు మేస్త్రీలకు అనుమతిపత్రములిచ్చు పద్ధతి మన దేశములో లేదు. కావున శంషాబాదులో ఎవరైనను మీ తలుపు తట్టి తాను రాడాన్ తగ్గించు అనుమతి పొందిన కంట్రాక్టరునని చెప్పినచో, ఎవరి అనుమతి అని అడుగవలెను. విదేశీ సంస్థ ధ్రువపత్రమైనచో దాని సంఖ్యను తీసికొని, ఆ సంస్థవారినే అడిగి సరిచూచుకొనవలెను.

అయినను మొదటి ప్రశ్న మిగిలియున్నది: మనకు ఇది కావలెనా?

హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. గ్రానైటులో యురేనియము సాధారణముగా పదిలక్షల పాళ్ళకు నాలుగైదు పాళ్ళుండును. పడమట చేవెళ్ళ, వికారాబాదు వైపున నల్లరేగడి క్రింద నుండు నల్లరాతిలో అది ఒక పాలు లేదా అంతకంటె తక్కువ. నల్లగొండ జిల్లా లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములలో త్రవ్వి తీయదగినంత యురేనియమున్నట్లు కనుగొనిరి. దేశమంతట అట్టి ఖనిజములను వెదకు అణుఖనిజ డైరెక్టరేటు కార్యాలయము మన బేగంపేటలోనే ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖవారు హైదరాబాదు ఇండ్లలోను, నల్లగొండ పల్లెలలోను రాడాన్‌ను కొలిచి పరిశోధనలు చేసిరి. అనగా ఈ విద్య మన ఊరికి క్రొత్త కాదు. దానిని గృహస్థుని వాకిటికి చేర్చు ఏర్పాటే లేదు.

కాని రాయి ఉన్నంతమాత్రమున గదిలో వాయువు హెచ్చుగా ఉండునని చెప్పరాదు. ఇల్లు కట్టిన తీరును బట్టి, అందులో బ్రతుకు తీరును బట్టి లెక్క మారును. నడుమ వాకిలి తెరచియుండి, నాలుగు ప్రక్కల గాలి తిరుగు పాత పెంకుటింటిలో రాడాన్ నిలుచుటకు చోటే లేదు. స్తంభములపై లేపి, క్రింద కార్లు నిలుపుకొను ఫ్లాట్లకు నేలతో స్పర్శయే తక్కువ. రెండవ అంతస్తు, మూడవ అంతస్తు వారు ఈ వ్యాసము చదివి నిద్ర పాడుచేసికొనవలసిన పని లేదు. ఆలోచింపవలసినవారు వేరు. నేలమీదనే కట్టిన విడి ఇండ్లవారు, బండ పేల్చి త్రవ్వించిన సెల్లారును పడకగదిగానో కార్యాలయముగానో మార్చుకొన్నవారు, అట్టి సెల్లారులలో రాత్రింబగళ్ళు కూర్చుండు కాపలావారు. షాబాదు బండలు, తాండూరు బండలు పరచిన పాత నేలలలో బండకును బండకును నడుమ సున్నము రాలి సందులు పడియుండును. స్నానపు గదిలో గొట్టము నేలలోనికి దిగు చోటను, గోడయు నేలయు కలియు మూలను అట్టి సందులే ఉండును. వాయువు వచ్చు ద్వారములు ఇవి.

విమానాశ్రయము చుట్టు నివసించువారికి మరియొక విశేషము కలదు. 2008 మార్చిలో ఇక్కడ విమానములు దిగుట మొదలైన తరువాత, రాకపోకల దారి క్రింది ఇండ్లలో శబ్దము భరింపలేక కిటికీలకు రెండు పొరల అద్దములు బిగించుకొని, ఏ.సి. పెట్టుకొని తలుపులు మూసికొను అలవాటు సహజముగా వచ్చును. గదిలోని గాలినే త్రిప్పి చల్లబరచు ఏ.సి. బయటిగాలిని లోనికి తేదు. శబ్దమును ఆపిన అద్దమే వాయువును కూడ లోపల ఆపును. దీనికి తోడు వంటింటిలో గాలిని వెలుపలికి నెట్టు పంకాను తిప్పి, కిటికీలన్నియు మూసియుంచినచో, పోయిన గాలి చోటును నింపుటకు నేల సందులనుండి గాలి పైకి లాగబడును. పంకా తిరుగునంతసేపు ఒక కిటికీ తెరచియుంచుట ఖర్చులేని మందు. అది శాశ్వతమైనది మాత్రము కాదు. కిటికీ మూసిన పండ్రెండు గంటలలో వాయువు మునుపటి మట్టమునకు రావచ్చును.

బోరునీటిని గురించి కూడ అడుగుదురు. గ్రానైటు పగుళ్ళలోని నీటిలో రాడాన్ కరగియుండును. స్నానము చేయునప్పుడు, బట్టలు ఉతుకునప్పుడు గాలిలోనికి వదలును. దీనికి ఉజ్జాయింపు లెక్క ఒకటి కలదు: నీటిలోనున్న దానిలో పదివేలవ వంతు ఇంటి గాలిలో చేరును. లీటరుకు 100 బెకెరెల్‌లు గల నీరు, అనగా ఘనమీటరుకు లక్ష, ఇంటి గాలికి సుమారు 10 బెకెరెల్‌లు కలుపును. నేలనుండి వచ్చుదానితో పోల్చినచో ఇది స్వల్పము. బోరునీటిని మిద్దెపై తొట్టిలోనికి ధారగా పడనిచ్చి, కొంతసేపు నిలువనిచ్చినచో అందులోనిది చాలవరకు అక్కడనే గాలిలో కలిసిపోవును.

వంటింటి గ్రానైటు బండలను గూర్చిన భయము మాత్రము కేవలము వ్యర్థము. నున్నగా మెరుగుపెట్టిన బండనుండి వచ్చు రాడాన్ అతిస్వల్పము. బండ తీయించి వేరొకటి వేయించుమని చెప్పువాడు బండలమ్మువాడై యుండును.

కావలెనా వలదా అని తేల్చునది కొలత ఒక్కటే. ప్రక్క యింటి కొలత మన యింటికి పనికిరాదు. ఒకే వీధిలో రెండిండ్లకు పదిరెట్లు తేడా ఉండవచ్చును. కొలుచుటకు రెండు మార్గములు. మొదటిది ఎల్‌ఆర్-115 అను పలుచని ఎర్రని పొరను చిన్న డబ్బీలో పెట్టి గదిలో వ్రేలాడదీయుట. రాడాన్ విచ్ఛిన్నమగునప్పుడు వెలువడు ఆల్ఫా కణములు పొరపై కంటికి కనబడని గాట్లు చేయును. మూడు నెలల తరువాత ఆ పొరను వేడి కాస్టిక్ సోడా ద్రావణములో ముంచినచో గాట్లు రంధ్రములై తేటపడును; వానిని లెక్కించి సగటు తీయుదురు. బొంబాయిలోని భాభా అణుపరిశోధన కేంద్రమువారు ఈ పద్ధతికి తగిన డబ్బీలను రూపొందించిరి. మన విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడునవి ఈ కోవకు చెందినవే. రెండవది విద్యుత్తుతో పనిచేయు చిన్న యంత్రము. అంకెలను ఎప్పటికప్పుడు చూపును. దానిలో తప్పు లేదుగాని, మొదటి రోజు అంకెను చూచి కంగారుపడుటయు, సంతోషపడుటయు రెండును తొందరపాటే. రాడాన్ పగటికి రాత్రికి, ఎండకు వానకు మారుచుండును. కనీసము కొన్ని వారములు, వీలైనచో మూడు నెలలు చూడవలెను. తలుపులు మూసి పడుకొను మార్గశిర పుష్యమాసములు ఒకమారు, మరియొక ఋతువు ఒకమారు కొలిచినచో మేలు.

పెట్టు చోటు కూడ ముఖ్యము. అందరికంటె క్రింది అంతస్తులో, మనుష్యులు ఎక్కువ గంటలు గడుపు గదిలో, మంచము మీద పడుకొన్నవాని ముక్కు ఎత్తున, కిటికీకిని పంకాకును దూరముగా పెట్టవలెను. వంటింటిలోను స్నానపు గదిలోను పెట్టరాదు. అమెరికా నుండి తెచ్చిన యంత్రములు పికోక్యూరీలలో లెక్క చూపును. దానిని 37తో హెచ్చించినచో బెకెరెల్‌లు వచ్చును. అక్కడి 4 ఇక్కడి 148. ఈ చిన్న సంగతి తెలియక 4 చూచి సంతోషించినవారు, 148 చూచి గుండె బాదుకొన్నవారు ఒకే గాలిని పీల్చుచుండవచ్చును!

కొలుచు ప్రయోగశాలను ఎన్నుకొనునప్పుడు ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదా అని అడుగుట అలవాటు. ఆ గుర్తింపు సంస్థకంతటికి ఒక్కసారి ఇచ్చునది కాదు. ఫలానా పరీక్షలకని విడివిడిగా ఉండును. నీటి పరీక్షకు గుర్తింపు పొందిన ప్రయోగశాల రాడాన్‌కు కూడ పొందియుండవలెనను నియమము లేదు. గుర్తింపు పత్రముతోపాటు పరీక్షల పట్టికను చూపించుమని అడుగవలెను. యంత్రముతో వచ్చువారినైనచో దానిని కడపటిసారి ఎప్పుడు, ఎక్కడ సరిచూపించితిరో చెప్పుమనవలెను.

మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన మాట ఇది: కొలుచువారు వేరు, తగ్గించువారు వేరు కావలెను. రోగము ఉన్నదని చెప్పువాడే మందులమ్మువాడైనచో రోగము తరుచుగా బయటపడుచుండును. పట్టిక లేని చోట గృహస్థుని చేతనున్న ఆయుధము ఈ ఎడబాటే. పనివానికి పత్రము లేకున్నను, పనికి ముందు కొలత, పనికి తరువాత కొలత అను రెండు కాగితములు మూడవవాని చేతినుండి వచ్చినచో, ఆ రెంటి నడుమ తేడాయే వాని యోగ్యతాపత్రము.

ఇక పనివారి మాట. అసలు పని యేమిటో ముందు తెలిసికొన్నచో మనుష్యుని పోల్చుట తేలిక. నేలకు నాలుగంగుళముల వెడల్పున రంధ్రము వేసి, క్రింది మొరమును రెండు మూడు తట్టలు తీసి చిన్న గుంట చేయుదురు. రంధ్రములో పి.వి.సి. గొట్టమును నిలిపి, చుట్టు గాలి చొరకుండ మూసి, గొట్టమును మిద్దె పైకి తీసికొనిపోవుదురు. పైన పంకా బిగింతురు. పంకా నిరంతరము లాగుచుండుటచే నేల క్రింది గాలి ఒత్తిడి గది ఒత్తిడికంటె తగ్గును. అప్పుడు వాయువు సందులగుండ గదిలోనికి వచ్చుటకు మారుగా గొట్టముగుండ పైకి పోవును. ఇంతే. చక్కగా చేసిన చోట రాడాన్ నూటికి తొంబది పాళ్ళకు మించి తగ్గినట్లు అమెరికా అనుభవము చెప్పుచున్నది.

ఈ పనికి కావలసిన చేతులు మన ప్రాంతములో లేకపోలేదు. శంషాబాదు, రాజేంద్రనగరు దారిలో క్రొత్త ఇండ్ల పనులు జరుగు చోట్ల చూడుడు. కాంక్రీటులో గుండ్రముగా కోసి రంధ్రము వేయు కోర్ కటింగు వారున్నారు; ప్లంబర్లున్నారు; ఏ.సి. గాలిగొట్టములు బిగించువారున్నారు, సందులు పూడ్చు వాటర్ ప్రూఫింగు వారున్నారు. లేనిదల్లా ఎక్కడ కోయవలెనో, ఎన్ని చోట్ల కోయవలెనో నిర్ణయించువాడు. అమెరికాలో నేల క్రింద సాధారణముగా కంకర పరచియుండును. కంకర సందులలో గాలి సులువుగా కదలును గనుక ఒక గుంట ఇల్లంతటికి సరిపోవచ్చును. మన వద్ద పునాదులను మొరముతో పూడ్చి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిపరతురు. అందులో గాలి అంత దూరము కదలదు. నడుమ పునాది గోడలు అడ్డుపడును. కావున అక్కడి కొలతలను ఇక్కడ కన్నుమూసికొని దింపినచో ఒక గది బాగుపడి ప్రక్క గది యథాప్రకారముండును.

తెలిసినవాడైనచో గొట్టము వేయకముందే పరీక్ష చేయును. నేల నడుమ చిన్న రంధ్రము వేసి దుమ్ము పీల్చు యంత్రమును దానికి తగిలించి, నాలుగు మూలల వ్రేలంత రంధ్రములు వేసి, అక్కడ ఒత్తిడి తగ్గుచున్నదా అని సూక్ష్మమైన మాపకముతో చూచును. మాపకము లేకున్నచో అగరువత్తి పొగను ఆ రంధ్రము వద్ద పెట్టినను కొంత తెలియును: పొగ క్రిందికి దిగినచో లాగుడు అందినది, పైకి పోయినచో అందలేదు. ఈ పరీక్షను గూర్చి మీరడిగినప్పుడు పనివాని ముఖము చూడుడు. అర్థము కానివానికి పని అప్పగింపరాదు.

పంకా ఎక్కడ పెట్టుదువని కూడ అడుగవలెను. మిద్దెపైననో, ఇంటి వెలుపలనో అని చెప్పవలెను. గదిలోనో, గదిపై అటుకలోనో పెట్టుదునన్నచో ఒప్పుకొనరాదు. ఎందుకనగా పంకాకు పైనున్న గొట్టములో గాలి నెట్టబడుచుండును. అచ్చట ఒక అతుకు ఊడినచో నేల క్రింద పోగైన వాయువంతయు తిన్నగా ఇంటిలోనికే వచ్చును. గొట్టము చివర మన కిటికీకే కాదు, పొరుగువారి కిటికీకిని దూరముగా ఉండవలెను. గోడకు గోడ ఆనుకొను మన స్థలములలో ఈ సంగతి మరచినచో వాయువుతోపాటు తగవు కూడ వెలువడును. నేల క్రింది నీటిసంపు, మురుగు గొట్టములు, పునాది దూలములు ఎక్కడెక్కడ ఉన్నవో గీత గీసి చూపిన పిమ్మటనే కోయుటకు అనుమతింపవలెను.

సందులు పూడ్చి, నేలకు ఒక రంగు పూసినచో చాలునని కొందరు చెప్పుదురు. పూడ్చుట మంచిదే, పంకా లాగుడు వృథా కాకుండ చేయును. కాని పూడ్చుట ఒక్కటే నమ్మదగిన చికిత్స కాదు. ఒక సందు మూసినచో వాయువు వేరొక సందు వెదకుకొనును. కాంక్రీటు ఏడాదికేడాది క్రొత్త పగుళ్ళు పెట్టును. గాలిని వడపోయు పెట్టెలను అమ్మువారును కలరు. అవి ధూళిని పట్టునుగాని రాడాన్ వాయువును పట్టజాలవు.

ఒప్పందము కాగితముపై ఉండవలెను. పనికి ముందు కొలత యెంత, పని తరువాత ఎంతకు తీసికొని రావలెను, తరువాతి కొలతను ఎవరు చేయుదురు, హద్దులోనికి రాకున్నచో అదనపు గుంటకు ఖర్చు ఎవరిది అను నాలుగు సంగతులు అందులో స్పష్టముగా ఉన్నచో, తక్కినవి ఎట్లున్నను నడచును. డబ్బులో ఒక భాగమును రెండవ కొలత వచ్చువరకు నిలిపియుంచుట న్యాయమే. దానికి అంగీకరింపనివాడు తన పనిపై తానే నమ్మకము లేనివాడు.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనుచున్నవారికి ఈ తిప్పలు చాలవరకు లేవు. మొరము పూడ్పు పైన, నేల కాంక్రీటు వేయకముందు, నాలుగంగుళముల మందమున 40 మిల్లీమీటర్ల కంకర పరచి, దానిపై దళసరి ప్లాస్టిక్ పట్టాను అతుకులు ఒకదానిపై నొకటి పడునట్లు పరచి, కంకరలోనుండి ఒక పి.వి.సి. గొట్టమును మిద్దెవరకు లేపి మూత వేసి ఉంచినచో చాలును. పునాది గోడలకు అక్కడక్కడ రంధ్రములు విడిచినచో గదులన్నింటి కంకర ఒకటగును. ఇల్లు పూర్తియైన తరువాత కొలిచి చూచి, హెచ్చుగా ఉన్ననే పంకా బిగింపవచ్చును. లేకున్నచో ఆ గొట్టమట్లే ఉండును. ఈ పనికి ప్రత్యేక కంట్రాక్టరు అక్కరలేదు. ఇల్లు కట్టు మేస్త్రీకి చెప్పినచో చేయును. గొట్టముపై "రాడాన్" అని రంగుతో వ్రాయించుట మరువరాదు. లేనిచో ఏ ప్లంబరో దానికి చేతులు కడుగు తొట్టి నీటిని తగిలించును.

పంకా బిగించిన తరువాత గొట్టమునకు ఆంగ్లపు యూ అక్షరము వంటి చిన్న గాజునాళమును తగిలింతురు. అందులో రంగునీరుండును. రెండు ప్రక్కల నీరు ఎత్తు తేడాగా ఉన్నంతకాలము పంకా లాగుచున్నదని అర్థము; సమముగా ఉన్నచో ఆగినదన్నమాట. కరెంటు గంటయో రెండు గంటలో పోయినంతమాత్రమున కొంప మునగదు. వాయువు మెల్లగా చేరును, కరెంటు రాగానే మెల్లగా తగ్గును. కాని పంకా కాలిపోయి నెలలతరబడి ఎవరును చూడకున్నచో గొట్టము ఉన్నను లేనట్లే. నాళము ఇంటిలోని వారందరికి కనబడు చోట, దేవుని గది ప్రక్కననో నడవలోనో బిగించుమని చెప్పుడు. రెండేండ్లకు ఒకమారు మరల కొలిపించుడు; ఇల్లు పెంచి క్రొత్త గది కట్టినచో, లేదా సెల్లారును వాడుకలోనికి తెచ్చినచో ఆ గడువు వరకు ఆగక వెంటనే కొలిపించుడు.